చెయ్యి దించితే దూకాలి

సిరిసిల్ల,
6 జనవరి 2025

చిరంజీవి శ్రీలతకు,

మీ అమ్మకు అక్క, నీకు పెద్దమ్మ అయిన మొగిలవ్వ దీవించి ఒక కోరిక కోరుతున్నది.

ముందు భయపడకు, ఇంట్లో అందరం బాగున్నాం. ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. నాది బటన్ల ఫోను. మోగితే మా కోడలు నవత ఎత్తుతుంది. నువ్వు పది మాటలు చెప్తే నాకు నాలుగు చేరుస్తుంది. అందుకని నాతో పనుంటే కాగితం మీద రాయి. నేను కూడా ఏడో తరగతిలో పంతులు నేర్పిన పుస్తకాల భాషలోనే రాస్తాను. నోటి మాట నోటికే ఉండనీ.

ఇక అసలు సంగతి. మోకాళ్ళ నొప్పికి డాక్టరు నీళ్ళల్లో నడవమన్నాడు. మా బైపాస్ రోడ్డు పక్కన కొత్తగా స్విమ్మింగ్ పూల్ కట్టారు. పొద్దున పది నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళకు. నాలుగు రోజులు బుద్ధిగా నడిచాను. అయిదో రోజు, ఈత వచ్చినదాన్ని బర్రెలాగా ఈ నడకేంటని ఈదేశాను. బయటికి వస్తుంటే గోడ మీద కాగితం కనబడింది. మే నెలలో కోరుట్లలో పెద్దవాళ్ళకు ఈత పోటీలట. యాభై అయిదు దాటిన ఆడవాళ్ళకు కూడా ఉంది, యాభై మీటర్లు. నాకు యాభై తొమ్మిది.

బోయినపల్లి బావిలో నేను ఎంతమందికి ఈత నేర్పానో నీకు తెలుసు. నీ వీపుకు నూనె డబ్బా కట్టి తోసింది నేనే. కానీ పందెం అంటే మగపిల్లలదే. నేను గట్టు మీద నిలబడి "దుంకుండ్రి" అని అరిచేదాన్ని. వాళ్ళు దూకేవాళ్ళు. నాకూ దూకాలని ఉండేది బిడ్డా, చెప్తే నమ్మవు, ఒళ్ళంతా దూకాలని ఉండేది. ఒక్కసారి, ఒక్క పందెంలో నేను దూకాలి. నువ్వు జగిత్యాలలో ముప్పై మంది పిల్లలకు కోచ్‌వి. ముప్పై ఒకటో పిల్లను నేను. చేర్చుకుంటావో లేదో రాయి.

నీ పెద్దమ్మ

---

జగిత్యాల,
11 జనవరి

పెద్దమ్మకు,

చేర్చుకున్నాను. ఫీజు కింద సర్వపిండి పంపాలి, నువ్వులు ఎక్కువ వేసి.

నీ ఉత్తరం మా పిల్లలకు చదివి వినిపించాను. "మేడం, గా అవ్వ మాతోని పందెం వెడ్తదా?" అని దినేశ్ అడిగాడు. వాడికి పదకొండేళ్ళు, జిల్లా ఫస్టు. "పెడ్తది, నువ్వే ఓడిపోతవ్" అన్నాను. అప్పటి నుంచి వాడు పది నిమిషాలు ముందే పూల్‌కు వస్తున్నాడు. నువ్వు ఇంకా రాకముందే నాకు పని చేసిపెడుతున్నావు.

మొదటి పాఠం తల గురించి. ఈదేటప్పుడు నువ్వు ఎటు చూస్తావో నాకు తెలుసు, ముందుకు. బావిలో నేర్చినవాళ్ళమంతా తల నీళ్ళ మీద పెట్టుకునే ఈదుతాం. రాయి ఉందా, పాము ఉందా, పైనుంచి ఎవడైనా మీద పడుతున్నాడా చూసుకోవాలి కదా. పూల్‌లో ఇవేవీ ఉండవు. తల ఎత్తితే నడుము మునుగుతుంది, నడుము మునిగితే కాళ్ళు మునుగుతాయి. ఇక అది ఈత కాదు, గుట్ట ఎక్కడం. కళ్ళు కింద పలకల మీద ఉండాలి, మెడ వదులుగా ఉండాలి. గాలి పీల్చాల్సి వచ్చినప్పుడు తల ఎత్తకు, పక్కకు తిప్పు. సగం నోరు నీళ్ళ మీద, ఒక చెవి నీళ్ళ లోపల. పీల్చింది నీళ్ళలోనే ముక్కుతో నిదానంగా వదలాలి.

ఇదంతా పూల్‌లో మొదలుపెట్టకు. వారం రోజులు బకెట్లో చెయ్యి. ముఖం ముంచు, బుడగలు వదులు, తిప్పి పీల్చు, మళ్ళీ ముంచు. రోజుకు యాభై సార్లు.

నీ శ్రీలత

---

సిరిసిల్ల,
2 ఫిబ్రవరి

శ్రీలతకు,

సర్వపిండి అందిందా? నువ్వు చెప్పిన పాఠానికి మా ఇంట్లో ఏమైందో విను.

స్నానాల గది దగ్గర బకెట్లో ముఖం ముంచి బుడగలు వదులుతున్నాను. నవత చూసింది. నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగింది! "ఏందత్తమ్మా, గిదేంది? నేనేమన్నన్నా నిన్ను?" అని ఏడుపు. పొద్దున పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని తానన్న మాటకు నేను ఇట్లా చేసుకుంటున్నానని ఆ పిచ్చిది అనుకుంది. నీ ఉత్తరం చూపిస్తే గానీ ఊరుకోలేదు. ఇప్పుడు అదే నా పక్కన పీట వేసుకుని లెక్కపెడుతుంది.

ఇక బట్టల సంగతి. ఇన్నాళ్ళు పంజాబీ డ్రెస్సుతో దిగనిచ్చిన పూల్ మేనేజరు, పోటీలో దానితో దిగనివ్వరన్నాడు. ఒంటికి అతుక్కునే కాస్ట్యూమ్ కావాలట. ఊరు ఊరంతా బట్ట నేసే సిరిసిల్లలో ఉండి నేను బట్ట కొనాలా? మన కార్ఖానాలో సాంచల మీద, అదే మరమగ్గాల మీద, నేసిన పాలిస్టర్ మూడు మీటర్లు తెచ్చాను. మడమల దాకా, మణికట్టు దాకా నేనే కుట్టాను. కుట్టు చూస్తే నువ్వు ముచ్చటపడేదానివి.

దూకాను. లోపలికి గాలి పోయి వీపు మీద బుడగలాగా ఉబ్బింది. మునగను, ముందుకూ పోను. ఆ గాలి పోయాక నీళ్ళు నిండాయి. ఒక్కో కాలిలో బిందెడు. గోడ దగ్గరికి వచ్చాను కానీ పైకి ఎక్కలేను. ముగ్గురు ఆడవాళ్ళు లాగారు. పాలిస్టర్ నీళ్ళు పీల్చదు కదా అని నలభై ఏళ్ళు నేసిన తెలివి నాది. పీల్చలేదు, నింపుకుంది.

ఇంకొకటి. తల దించి ఈదితే నేరుగా పోతున్నాననే అనుకుంటాను. కాసేపటికి ఎడమ పక్క లైన్ తాడు నా భుజానికి తగులుతుంది. ప్రతిసారీ ఎడమే. ఇదేం రోగం?

మొగిలవ్వ

---

జగిత్యాల,
10 ఫిబ్రవరి

పెద్దమ్మా,

బస్సులో చదివాను నీ ఉత్తరం. కండక్టరు వచ్చి "ఏమైందమ్మా" అని అడిగేదాకా నవ్వాను. పాలిస్టర్ సూటు దాచిపెట్టు, తగలెయ్యకు. నాకు చూడాలని ఉంది. కాలు దాకా ఉండే కాస్ట్యూమ్ ఒకటి పంపుతున్నాను. బిగుతుగా ఉందని విప్పెయ్యకు, అది అట్లాగే ఉంటుంది.

ఎడమ రోగం గురించి రెండు రోజులు ఆలోచించాను. నాకూ చిన్నప్పుడు అదే ఉండేదని గుర్తొచ్చింది. బోయినపల్లి బావి గుండ్రంది. గోడ కుడి చేతికి అందేంత దూరంలో ఉంచుకుని చుట్లు కొట్టమని నేర్పింది నువ్వే, అలిసిపోతే పట్టుకోవచ్చని. అట్లా ఏళ్ళ తరబడి ఎడమకే తిరిగాం. బయటి పక్క కుడి చెయ్యి ఎక్కువ లాగాలి, లోపలి ఎడమ చెయ్యి ఊరికే తోడు రావాలి. నీ ఎడమ చెయ్యికి బద్ధకం అలవాటు చేసింది ఆ బావి.

మందు ఇది. కుడి చెయ్యి ముందుకు చాచి ఉంచి, ఎడమ చేత్తోనే ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు పొడవులు ఈదు. ఎడమ చెయ్యి నీళ్ళలోకి పోగానే కిందికి నొక్కకు. మోచెయ్యి పైన ఉంచి, అరచేత్తో నీళ్ళను వెనక్కి తొయ్యి. మోచెయ్యి జారిందా, నువ్వు నీళ్ళను నిమురుతున్నట్టే, అవి నిన్ను ముందుకు పంపవు.

మార్చి 23, ఆదివారం మా పూల్‌లో కోరుట్ల పోటీకి వచ్చేవాళ్ళకు ఒక ట్రయల్ పెడుతున్నాం. నువ్వు రావాలి.

శ్రీలత

---

జగిత్యాల,
25 మార్చి

పెద్దమ్మా,

ఆదివారం నిన్ను చూసినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. తల దించావు, నేరుగా వచ్చావు, ఎడమ మోచెయ్యి పైన ఉంది. రెండో పొడవులో నీ వెనక అలలు కూడా లేవు. పక్కనున్న తల్లిదండ్రులు "ఎవరు మేడం గామె?" అని అడిగారు. "మా పెద్దమ్మ" అని అందరికీ వినపడేలా చెప్పాను.

ఇప్పుడు తిట్లు. నీ మొదలు ఘోరం. మొదటిసారి విజిల్ ఊదాను. నువ్వూ, పక్క లైన్‌లో కోరుట్ల నుంచి వచ్చిన బాలలక్ష్మి గారూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. మిగతా ఇద్దరూ నీళ్ళలో పడ్డాక గానీ కదల్లేదు. రెండోసారి ఆమె కాలు సర్దుకోవడానికి కాస్త వంగింది, నేను విజిల్ ఊదకముందే నువ్వు దూకేశావు. పోటీలో అట్లా దూకితే తీసేస్తారు పెద్దమ్మా. ఒక్క తప్పుకే. ఈది గెలిచినా లెక్కలోకి రాదు.

పక్కవాళ్ళను చూడటం మానెయ్. చూపు నీళ్ళ మీద, ప్రాణం విజిల్ మీద పెట్టు. నవతకు ఒక విజిల్ కొనివ్వు. నీ వెనక నిలబడి రోజూ ఇరవై సార్లు ఊదమను.

శ్రీలత

---

సిరిసిల్ల,
2 ఏప్రిల్

శ్రీలతకు,

ఉత్తరం అందింది. ఎండలు ముదిరాయి. మామిడికాయలు వచ్చాయి, తొక్కు పెట్టాను. మీ అమ్మ మోకాళ్ళకు కూడా నీళ్ళు మంచివని చెప్పు.

విజిల్ సంగతి చూస్తాలే. ఈ నెల కార్ఖానాలో పని ఎక్కువగా ఉంది. కోరుట్లకు రావడం కుదురుతుందో లేదో. ఈ వయసులో పందెం ఏమిటని నాకే అనిపిస్తున్నది. ఇంతవరకు నేర్చుకున్నది చాలు, మోకాళ్ళ నొప్పి తగ్గింది.

ఉంటాను,
మొగిలవ్వ

---

జగిత్యాల,
7 ఏప్రిల్

పెద్దమ్మా,

నవతకు ఫోన్ చేశాను. విజిల్ కొన్నదట, రోజూ ఊదుతున్నదట, "నేను నీ ఎన్కనే ఉన్ననని గూడ ఆమెకు తెలుస్తలేదు" అన్నది. నీకు వినపడదా?

శ్రీలత

---

సిరిసిల్ల,
12 ఏప్రిల్

శ్రీలతా,

వినపడదు.

ఇంత చిన్న మాట రాయడానికి అయిదు రోజులు పట్టింది. ఎట్లాగూ రాశాను కాబట్టి మొత్తం రాస్తాను.

నలభై ఏళ్ళు సాంచల మధ్య నిలబడ్డాను. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి. గాజులు, పిచ్చుకలు, కుక్కర్ విజిల్. తర్వాత మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. ట్రయల్ నాడు నీ మాటలన్నీ నీ పెదవుల మీదే చదివాను. వెనక నుంచి పిలిస్తే తెలియదు. ఫోన్‌లో పెదవులు ఉండవు కదా, అందుకే నీతో ఉత్తరాల బేరం పెట్టాను.

కార్ఖానాలో నేను చెవిటిదాన్ని కాను. అక్కడ చెవులున్నవాళ్ళకూ ఏమీ వినపడదు. అందరం చేతులతోనే మాట్లాడతాం. వేళ్ళు ఆడిస్తే దారం తెగిందని, పిడికిలి నోటి దగ్గర పెడితే చాయ్ వచ్చిందని. గడప దాటి బయటికి వచ్చాకే నేను చెవిటిదాన్ని అవుతాను. మా కొడుకు సంతోష్‌కు తెలిస్తే ఒక్కదాన్ని రోడ్డు మీదికి పోనివ్వడు. ఆటో కింద పడతానంటాడు. పూల్ కూడా బందైపోతుంది.

పోటీ ఫారంలో ఒక గడి ఉంది. శరీరంలో ఏదైనా లోపం ఉందా అని. 'లేదు' అని రాశాను. పక్కవాళ్ళను చూసి దూకొచ్చు అనుకున్నాను. ఆ బాలలక్ష్మి ఒకతె నాకంటే నెమ్మది, ఆమె వల్ల నా గుట్టు బయటపడింది.

నేర్చుకున్నది చాలని రాశాను కదా, అది అబద్ధం. పొద్దున లేచిన దగ్గర నుంచి ఆ పందెంలో దూకాలనే ఆశ. కానీ పదిమందిలో చెవిటిదాన్నని చెప్పుకుని నిలబడలేను బిడ్డా. చెప్పకపోతే దూకలేను. నాకు ఏడుపు వస్తున్నది.

నీ పెద్దమ్మ

---

జగిత్యాల,
16 ఏప్రిల్

పెద్దమ్మా,

ముందు నన్ను క్షమించు. కోచ్‌ని అయ్యుండి నువ్వు విజిల్ తర్వాత ఎందుకు కదల్లేదో చూడలేకపోయాను. పైగా తిట్టాను.

ఇప్పుడు విను, చదువు, ఏదో ఒకటి చెయ్యి. వినపడని ఈతగాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళ కోసం పద్ధతి ఉంది. స్టార్టర్ ఈతగాళ్ళకు కనబడే చోట నిలబడి చెయ్యి పైకెత్తుతాడు. విజిల్‌తో పాటే ఆ చెయ్యి దించుతాడు. చెయ్యి దిగితే దూకాలి, అంతే. కోరుట్లలో స్టార్టర్ కుమార్ సార్, రిటైరైన పీఈటీ. అడిగాను. "గదెంత పని, చెయ్యి లేపితె నా సొమ్మేం పోతది" అన్నారు. కానీ ఫారంలో రాసి ఉండాలి. రాయకపోతే ఒకరి కోసం చెయ్యి ఎత్తడానికి మిగతావాళ్ళు ఒప్పుకోరు.

మా దినేశ్‌కు దూరం కనబడదు. పవర్ ఉన్న గాగుల్స్ పెట్టుకుని ఈదుతాడు. వాడిని చూసి ఇక్కడ ఎవరూ నవ్వలేదు, వాడూ సిగ్గుపడలేదు. మొన్న గాగుల్స్ మరిచిపోయి వస్తే మాత్రం గోడకు తల కొట్టుకున్నాడు. దాచిపెడితే తగిలేది నీకే అని చెప్తున్నాను.

ఇంకో బాధ. మే 18నే హైదరాబాద్‌లో మా పిల్లల రాష్ట్ర పోటీలు. నేను నీ దగ్గర ఉండలేను. అందుకని చెయ్యి దించడం నవతతో సాధన చెయ్యి. రాయడం, రాయకపోవడం నీ ఇష్టం. రాయకపోయినా నువ్వు నా ముప్పై ఒకటో పిల్లవే.

శ్రీలత

---

సిరిసిల్ల,
30 ఏప్రిల్

శ్రీలతకు,

రాశాను. పాత ఫారం చించి కొత్తది నింపాను. 'వినపడదు' అని రాస్తుంటే పెన్ను గట్టిగా నొక్కానేమో, కింది కాగితం మీద కూడా పడింది.

లోపం ఉందని రాస్తే ఇంట్లోవాళ్ళ సంతకం కూడా కావాలట, అందుకని సంతోష్‌కు చూపించక తప్పలేదు. చదివాడు. తర్వాత నా ముందుకు వచ్చి కూర్చుని, పెదవులు బాగా కదిలిస్తూ అన్నాడు. "నాకెర్కనే అమ్మా. నువ్వు చెప్తవేమో అని సూస్తున్న." మూడేళ్ళుగా తెలుసట! నేను రోడ్డు మీద పోతుంటే వెనక బండి మీద మెల్లగా వచ్చేవాడట, నాకు తెలియకుండా. దొంగ సచ్చినోడు. ఇద్దరం ఏడ్చి, తర్వాత చాయ్ తాగాం.

అయినా కష్టం ఒకటి వచ్చిపడింది. మా కార్ఖానాలో ఎత్తిన చెయ్యి కిందికి దించితే అర్థమేంటో తెలుసా? సాంచ ఆపమని. నవత చెయ్యి దించగానే నేను టక్కున ఆగిపోతున్నాను! దూకడానికి వంగినదాన్ని కూడా నిటారుగా అయిపోతున్నాను. ఒంట్లో నలభై ఏళ్ళుగా పాతుకున్న సైగ అది. నవత పొట్ట పట్టుకుని నవ్వుతుంది. పది రోజుల నుంచి రోజుకు ముప్పై సార్లు. మొదట్లో ముప్పైకి ముప్పై ఆగాను. నిన్న పన్నెండుసార్లు దూకాను. మధ్యలో ఒక గోల కూడా జరిగింది. కార్ఖానాలో సంతోష్ ఆపమని చెయ్యి దించితే నేను ముందుకు ఒక గెంతు గెంతాను, అందరూ పని ఆపి చూశారు.

ఇంకా పద్ధెనిమిది రోజులున్నాయి. పిల్లలకు నా దీవెనలు చెప్పు. దినేశ్‌ను గాగుల్స్ మరవొద్దను.

మొగిలవ్వ

---

సిరిసిల్ల,
20 మే

నా కోచ్ శ్రీలతకు,

దినేశ్‌కు రాష్ట్రంలో మూడో స్థానం వచ్చిందని నవత చెప్పింది. వాడి నోట్లో నా తరఫున చక్కెర పొయ్యి.

ఇప్పుడు నా కథ. నవత ఫోన్‌లో నీకు ఫలితం చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, ఇది నేనే రాయాలి కనుక.

సంతోష్, నవత, నేను మొదటి బస్సుకే కోరుట్ల పోయాం. మా పందెంలో నలుగురం. నాది మూడో లైన్, బాలలక్ష్మిది నాలుగు. కుమార్ సార్ అందరికీ కనబడేలా ముందుకు వచ్చి నిలబడ్డారు. మైకులో ఏదో చెప్పారు. మూడో లైన్ ఆమెకు వినపడదు, అందుకే చెయ్యి ఎత్తుతున్నాం అని చెప్పారని తర్వాత తెలిసింది. జనమంతా నా వైపు తిరిగారు. నా చెంపలు కాలిపోయాయి. ఒక్క క్షణం పారిపోదామనుకున్నాను.

సార్ చెయ్యి ఎత్తారు. ఇక జనం లేరు, ఊరు లేదు, నాకు ఆ చెయ్యి ఒక్కటే కనబడింది. అది దిగింది. దూకాను బిడ్డా! ఆగలేదు! నీళ్ళలో పడ్డాక గానీ తెలియలేదు, దూకేశానని. నీళ్ళ లోపల నవ్వాను, కాసిన్ని మింగాను కూడా. తర్వాత తల దించి, కింద పలకలు చూస్తూ, కుడి, ఎడమ, మోచెయ్యి పైన, పక్కకు గాలి. తాడు ఒక్కసారి కూడా తగల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు పక్కకు గాలి పీల్చుకుంటుంటే బాలలక్ష్మి చెయ్యి కనబడింది, నా చెవి పక్కనే. ఆమె అక్కడెందుకుంది? ట్రయల్ నాడు నా వెనక ఎక్కడో ఉన్నది కదా? ఎంత లాగానో నాకే తెలుసు. గోడ పట్టుకుని చూస్తే ఆమె చెయ్యి అప్పటికే గోడ మీద ఉంది.

ఒక బెత్తెడు. ఆమె మొదటి స్థానం, నేను రెండు.

రొప్పుకుంటూ ఆమె వైపు తిరిగి అడిగాను. "ట్రయల్ల గంత ఆలిస్యం జేసినవ్, ఇయ్యాల గింత జల్ది ఎట్ల దుంకినవే?" ఆమె నా పెదవుల వైపే చూస్తున్నది. ఆ చూపు నాకు తెలుసు. అద్దంలో రోజూ చూస్తాను.

"ఇయ్యాల చెయ్యి కనవడ్డది గద" అన్నది.

ఇరవై ఆరేళ్ళు రైస్ మిల్లులో పని చేసిందట. ఫారంలో 'లేదు' అని రాసిందట, నాలాగే. "నువ్వు దుంకితె దుంకుదామని నేను నిన్ను సూసుడు, నువ్వేమో నన్ను సూసుడు" అన్నది. నీళ్ళలోనే ఇద్దరం తాడు పట్టుకుని ఎంత నవ్వామంటే, ఏమైందోనని కుమార్ సార్ పరుగెత్తుకొచ్చారు.

శ్రీలతా, లెక్క చూడు. నేను నోరు మూసుకుని ఉంటే కుమార్ సార్ చెయ్యి లేచేది కాదు. ఎట్లాగో పక్కవాళ్ళను చూసి దూకి, ఆమెకంటే ముందే గోడ పట్టుకునేదాన్నేమో. ఆ గడిలో నిజం రాసి, గోల్డ్ మెడల్ నా చేత్తో నేనే ఆమె మెడలో వేశాను. అయినా ఇంత సంబరం నా పెళ్ళిలో కూడా పడలేదు. మెడల్స్ ఇచ్చేటప్పుడు జనం చప్పట్లు కొట్టబోతే నవత రెండు చేతులూ పైకెత్తి ఊపింది. పక్కవాళ్ళూ ఊపారు. గట్టు నిండా చేతులే. మా ఇద్దరికీ అవన్నీ వినపడ్డాయి.

బాలలక్ష్మి వచ్చే ఏటి ఫారం ఇప్పుడే కావాలన్నది, గడిలో ఏం రాయాలో నన్ను అడిగి రాసుకున్నది. నీ అడ్రస్ కూడా తీసుకున్నది. ఉత్తరం రాస్తుంది, ఆమెను కూడా చేర్చుకో, ముప్పై రెండో పిల్లగా. తల సంగతి చెప్పు. ఊపిరి సంగతి చెప్పు. ఆ మోచెయ్యి సంగతి మాత్రం వచ్చే మే దాకా చెప్పకు.

నీ పెద్దమ్మ,
మొగిలవ్వ